రిహార్సల్లో చెప్పని మాట

మొన్న బీపీ చూపించుకుందామని సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, వెళ్లాను. లండన్‌కి దగ్గర్లో రీడింగ్ అనే ఊళ్లో, మా పేటలో ఉన్న ఆ సర్జరీ వెయిటింగ్ రూములో గోడకి ఒక టీవీ తగిలించి ఉంటుంది. శబ్దం రాదు, మాటలన్నీ కింద అక్షరాలుగా పరుగెడుతుంటాయి. మధ్యాహ్నం పూట దాంట్లో పాత డిటెక్టివ్ సీరియళ్లు వేస్తారు. నేను కూర్చున్న కాసేపటికి తెర మీద ఒక పెద్ద బంగళాలో పనిమనిషి టీ ట్రే పట్టుకుని భుజంతో తలుపు తోసింది. లోపల కార్పెట్ మీద శవాన్ని చూసి, ట్రే వదిలేసి, నోరంతా తెరిచి అరిచింది. గదిలో దగ్గేవాళ్లు దగ్గుతున్నారు, ఫోన్లు చూసేవాళ్లు చూస్తున్నారు, ఆ అరుపుకి ఒక్కరూ తలెత్తలేదు. నేను మాత్రం కుర్చీలోంచి సగం లేచాను. ఆ పనిమనిషి నాకు తెలుసు. ఆవిడ ముసలితనంలో పొద్దున్నే కాళ్లకి మేజోళ్లు తొడిగింది నేనే. ఆ సంగతి పక్కనున్న పెద్దాయనకి చెబుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఈ దేశంలో వెయిటింగ్ రూములో పక్కవాళ్లని పలకరిస్తే వాళ్ల బీపీ పెరుగుతుందని ఊరుకున్నాను.

తెనాలి పక్కనుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను కేరర్‌గా ఇళ్లకి వెళ్లేదాన్ని. అంటే రోటాలో రాసిన ప్రకారం ఒక్కో ఇంటికీ వెళ్లి, పెద్దవాళ్లని లేపి, స్నానం చేయించి, మాత్రలు వేసి, ఇంత గంజిలాంటి పారిడ్జ్ తినిపించి, మళ్లీ కారెక్కి ఇంకో ఇంటికి పరుగెత్తడం. అలా ఒక చలికాలం ఆవిడ నా రోటాలోకి వచ్చింది. నది వైపు ఒక పాత ఇంట్లో కింది ఫ్లాటు. మొదటి రోజు నేను "గుడ్ మార్నింగ్ మేడమ్" అనగానే, దుప్పట్లోంచి తల మాత్రం బయటపెట్టి, "మేడమ్ అని పిలిస్తే పోలీసు ఆఫీసర్నైపోయి ఎవరినో అరెస్టు చేయాలనిపిస్తుంది, వేరే ఏదన్నా పిలువు" అంది. (ఆవిడ ఇంగ్లీషు ఎంతో గొప్పగా ఉండేది. దాన్ని ఇక్కడ నాకు చేతనైన తెలుగులోకి దించుతున్నాను, పాపం ఆవిడదేం తప్పులేదు.) మావాళ్లు పెద్దవాళ్లని ఆంటీ అంటారని చెప్పాను. ఆ మాట రెండుమూడు రకాల గొంతులతో అనుకుని చూసి, బాగుందంది. నన్ను మాత్రం డార్లింగ్ అని పిలిచేది. నాకు మహా సంతోషం వేసింది. పోస్ట్‌మాన్‌ని, గ్యాస్ మీటరు చూడటానికి వచ్చిన కుర్రాణ్ణి కూడా డార్లింగ్ అంటుందని తెలిసేవరకూ ఆ సంతోషం నిలిచింది. నాటకాల్లో వాళ్లంతా అంతేనట. ప్రతిసారీ కొత్త కంపెనీ, కొత్త జనం, పేర్లు ఎక్కడ గుర్తుంటాయి.

ఆవిడ కథంతా నాకు మాత్రలకీ పారిడ్జ్‌కీ మధ్య ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఉత్తరాన ఒక బట్టల మిల్లుల ఊళ్లో పుట్టింది. తండ్రి బస్సు డ్రైవరు. పిల్ల టైపు నేర్చుకుని ఆఫీసులో కూర్చుంటుందని ఆయన కలలు కంటుంటే, ఈవిడ వెళ్లి ఒక నాటక కంపెనీలో చేరింది. అది వారానికో నాటకం వేసే కంపెనీ. రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు వచ్చే వారం ఆడబోయేది బట్టీపట్టేవారు. ఒకసారి ఈ వారం నాటకంలో నిలబడి వచ్చే వారం మాటలు చెప్పేసిందట. ఎదురుగా ఉన్న నటుడు ఏమాత్రం తొణక్కుండా, "ఆ విషయం మనం వచ్చే వారం మాట్లాడుకుందాం" అన్నాడట. ఊరూరా అద్దె గదులు, చన్నీళ్ల స్నానాలు, గ్యాస్ పొయ్యి మీద ఆరేసిన మేజోళ్లు. అంత కష్టం చెబుతూ కూడా ఆవిడ మొహం వెలిగిపోయేది.

తర్వాత లండన్ చేరింది. అక్కడ ఒక పెద్ద నాటకంలో ఆవిడది మహారాణిలాంటి ఒక నటికి బదులు వేషం. అంటే ఆ నటికి ఒంట్లో బాగోకపోతే స్టేజీ ఎక్కడానికి, మాటలన్నీ నేర్చుకుని, తెర వెనక సిద్ధంగా కూర్చోవాలి. "ఆ మహాతల్లికి ఏడాది పొడుగునా ఒక్క తుమ్ము కూడా రాలేదు డార్లింగ్" అనేది. ఎదుటి మనిషికి జ్వరం రావాలని కోరుకుంటూ పక్కనే టోపీ అల్లుకుంటూ కూర్చోవడం పాపమా కాదా అని నన్ను అడిగింది కూడా, నేను చర్చికి వెళ్తానని తెలిశాక. పాపమే అనుకుంటా గానీ చిన్నదే అన్నాను. ఆ తర్వాత సినిమాలు, టీవీ. ముందు పనిమనిషి, తర్వాత నర్సు, అద్దె ఇంటి యజమానురాలు, హీరో తల్లి, హీరో నాయనమ్మ. "తెర మీద ఆడదాని వయసు తెలియాలంటే చేతుల్లో ఏముందో చూడు. నేను టీ ట్రే మోశాను, తర్వాత పిల్లల్ని మోశాను, తర్వాత చేతికర్ర. ఆఖర్న ఒక సీరియల్లో నన్నే నలుగురు మోశారు." ఒక్క ఆసుపత్రి సీరియల్లో మాత్రం పెద్ద నర్సుగా చాలాకాలం వేసి ఊరందరికీ తెలిసింది. సూపర్‌మార్కెట్లో కనబడితే జనం ప్యాంటు పైకి లాగి మోకాళ్లు చూపించేవారట. ఈవిడ కూడా తగుదునమ్మా అని వంగి చూసి, కాపడం పెట్టమని చెప్పి పంపేది.

పెళ్లీ నటుడితోనే. ఆయన ప్రతి టూరులోనూ ఎవరో ఒకరితో ప్రేమలో పడి తిరిగి వచ్చేవాడు, ఒక టూరులో తిరిగి రాలేదు. ఒక్కతే కూతురు. మిల్టన్ కీన్స్‌లో ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ఆదివారం ఆదివారం కారేసుకుని వచ్చి, ఫ్రిజ్ సర్ది, మాత్రల డబ్బా సర్ది, తల్లి మొహంలోకి అదేపనిగా చూసి వెళ్లేది. ఆ చూపు ఎందుకో నాకు తర్వాత తెలిసింది. కొన్నేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో, నిండు థియేటర్లో, నాటకం మధ్యలో ఆవిడకి మాటలు పోయాయి. పక్కనుంచి అందించినా అందలేదు. తెర దించి, ఒక చిన్నపిల్ల చేత, ఆవిడకి బదులు కూర్చున్న పిల్ల చేత, మిగతా నాటకం ఆడించారు. ఆ తర్వాత ఈవిడ స్టేజీ ఎక్కలేదు. ఇంత చెప్పి, చేతిలో చెంచా అలాగే పట్టుకుని, "ఏడాది పాటు నేను కోరుకున్నది చివరికి నాకే జరిగింది. దానికి బాధ లేదు. కానీ సగంలో దిగాను. దిగడం అలా దిగకూడదు" అంది. నేను పారిడ్జ్ మళ్లీ వేడిచేసి తెచ్చాను.

ఆ వసంతంలోనే మా పేటలో ఒక పాత చర్చి హాలుని బాగుచేసి చిన్న థియేటరుగా మార్చడం మొదలుపెట్టారు. వేసవి చివర్లో ప్రారంభం రోజున ఏదన్నా చేసి పెట్టమని ఆవిడని అడిగారు. ఒక్క మనిషే మాట్లాడే చిన్న నాటిక. సముద్రం ఒడ్డున టీ దుకాణం నడిపిన ముసలావిడ, దుకాణం మూసేసే ఆఖరి రోజున కప్పులు తుడిచి సర్దుతూ, వచ్చి వెళ్లినవాళ్లందరినీ తలుచుకుంటుంది. అంతా సర్దేశాక తలుపు గంట మోగుతుంది. అప్పుడు తలుపు వైపు తిరిగి ఒకే ఒక్క మాట అంటుంది. అంతే. ఆవిడ ఒప్పేసుకుంది. కూతురు ఆ ఆదివారం వంటింట్లో నన్ను నిలబెట్టి, "మతిమరుపు జబ్బు మొదలైందని మెమరీ క్లినిక్‌లో డాక్టర్లు చెప్పిన సంగతి అమ్మకి తెలుసు. ఈసారి కూడా నలుగురిలో ఆగిపోతే ఇక తేరుకోదు. నువ్వయినా చెప్పు" అంది. చెడ్డ కూతురు కాదు, భయపడిన కూతురు. నేను చెప్పబోయాను కూడా. ఆంటీ నా మాట పూర్తి కానివ్వకుండా కాగితాలు నా చేతిలో పెట్టింది, తను అప్పజెబుతుంటే చూస్తూ కూర్చోమని.

అది రోటాలో పని కాదు కాబట్టి ఆఫీసులో చెప్పి, నా సెలవు రోజయిన శనివారాల్లో వెళ్లేదాన్ని. వెంట మా మావయ్యగారు. ఆయన కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉందామని తెనాలి నుంచి వచ్చి, మూడో రోజుకే మా కిటికీలోంచి కనబడే పార్కింగు తప్ప చూడటానికేం లేదని తెలుసుకున్న మనిషి. మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా చేశారు, చర్చి సంఘంలో పెద్ద, ఆదివారం ముందు బెంచీ. కానీ పద్య నాటకమంటే ప్రాణం. హార్మోనియం వినబడితే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయేవారట. పాస్టరుగారు మందలిస్తే, "నేను రాగం కోసం వెళ్తున్నానండీ, కథ కోసం కాదు" అనేవారట. ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ ఇక్కడివాళ్లు మాట్లాడితే ఒక్క ముక్క పట్టుకోలేరు. అయినా నాటకమంటే ఎక్కడైనా నాటకమేనని, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చి, ఆవిడ హాల్లో సోఫా అంచున కూర్చునేవారు. ఆవిడ కప్పు తుడుస్తూ మొదలుపెడితే, ఈయన తొడ మీద వేళ్లతో తాళం వేసేవారు. ఎక్కడ తాళం దొరికిందో దేవుడికే తెలియాలి.

మొదటి శనివారం నేను తొందరపడ్డాను. నాటికంతా చెప్పుకుంటూ వచ్చి, చివర్లో నేను చెంచాతో గ్లాసు మీద కొట్టగానే, అదే తలుపు గంట, ఆవిడ తలుపు వైపు తిరిగి ఆగిపోయింది. అయిపోయింది, మర్చిపోయింది అనుకుని, ఆ చివరి మాట అందించబోయాను. చెయ్యెత్తి గట్టిగా వారించింది. "వద్దు వద్దు! ఆ మాట రిహార్సల్లో అనకూడదు. అరిష్టం." వాళ్ల పాతకాలపు కంపెనీలో అదొక పట్టింపు. నాటకంలో ఆఖరి మాట మొదటి ప్రదర్శన రోజున జనం ముందే పలకాలి. అంతకుముందు ఎవరి నోటా రాకూడదు. వస్తే నాటకం ముందే అయిపోయినట్టట. మా మావయ్యగారికి తెలుగులో చెప్పబోతే, ఆయన అప్పటికే చప్పట్లు కొట్టి, "దొరసానమ్మ బాగా రక్తి కట్టించింది. ఆఖర్న అలా చూసి ఆగిందే, అదీ!" అన్నారు. ఆయన సంతోషం చూశాక వివరాల జోలికి వెళ్లలేదు. ప్రతి శనివారం అంతే. గంట మోగేది, ఆవిడ తిరిగేది, ఆగేది. మావయ్యగారు చప్పట్లు కొట్టేవారు, నేను టీ పెట్టేదాన్ని.

ఆ టీల దగ్గరే ఆయన తన నాటకాల కబుర్లు చెబితే నేను ఇంగ్లీషు చేసేదాన్ని. మా వైపు పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారనీ, అరిస్తే నటుడు ఆ పద్యం మళ్లీ ఎత్తుకోవాల్సిందేననీ చెప్పారు. ఒకసారి వాళ్ల ఊరి పక్క నాటకంలో రాజు యుద్ధంలో పడిపోతూ పద్యం పాడి ప్రాణం విడిచాడు. జనం వన్స్ మోర్ అన్నారు. రాజు లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడు. ఇంకోసారి అడిగారు. "మూడోసారి చచ్చేటప్పటికి పాపం నిజంగానే ఆయాసం వచ్చిందమ్మా వాడికి!" అని మావయ్యగారు ముగించారు. ఆంటీ నవ్వి నవ్వి దగ్గుతో పొరబోయింది. నేను వీపు నిమురుతుంటే కళ్లు తుడుచుకుని, "మా దేశంలో చచ్చినవాడు చచ్చినట్టే పడుంటాడు. మీ జనం ఎంత మంచివాళ్లు!" అంది. ఆ వేసవిలో కొన్ని శనివారాలు నాటిక మొత్తం గలగలా చెప్పేసేది. కొన్ని శనివారాలు మధ్యలో ఆగి, "లైన్" అని నన్ను అడిగేది, అందిస్తే అందుకునేది. అడగడమే మర్చిపోయిన శనివారాలు కూడా ఒకటి రెండు ఉన్నాయి. వాటి గురించి నేను కూతురికి చెప్పాను, దాచలేదు. అయినా ప్రదర్శన ఆగలేదు, ఎందుకంటే ఆంటీ కూతురి చెయ్యి పట్టుకుని, "ఒక్క ఆఖరి మాట అని దిగనివ్వు. తర్వాత నువ్వు చెప్పినట్టల్లా వింటాను" అంది.

ప్రదర్శన శనివారం మధ్యాహ్నం. హాలు నిండింది. మాటలు అందించడానికి నేను పక్కన నిలబడతానంటే ఆంటీ ఒప్పుకోలేదు. "పక్కనుంచి అందితే అది మళ్లీ సగంలో దిగినట్టే" అంది. అందుకని కాగితాలు సంచిలో పెట్టుకుని మధ్య వరసలో కూర్చున్నాను. కారులోనే మావయ్యగారికి, ఇక్కడివాళ్లు నాటకం జరిగేటప్పుడు దగ్గు కూడా దాచుకుంటారనీ, నోరు మెదపకూడదనీ చెప్పాను. "నాకు తెలీదా ఏంటమ్మాయ్, నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా" అన్నారు. కూతురు మాకు రెండు వరసల ముందు కూర్చుంది. మెడ బిగపట్టి ఉంది.

ఆంటీ వచ్చింది. ఇంట్లో కర్ర లేకుండా బాత్రూముకి వెళ్లలేని మనిషి, కర్ర లేకుండా వచ్చి, బల్ల దగ్గర నిలబడి కప్పు చేతిలోకి తీసుకుంది. ఇక అక్కడ నేను మేజోళ్లు తొడిగిన మనిషి లేదు. టీ దుకాణం ఆవిడ ఉంది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, నా పక్కావిడ ఒకచోట కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఒక్క మాట కూడా తడబడలేదు. నేను లోలోపల ప్రార్థన చేస్తూ, ప్రతి వాక్యం దాటుతున్నకొద్దీ ఒక్కో వేలు విప్పుతూ వచ్చాను. ఆఖరి కప్పు తుడిచి అరలో పెట్టింది. తెర వెనక ఒక అమ్మాయి గంట మోగించింది. ఆంటీ తలుపు వైపు తిరిగింది. ఆగింది.

కొంచెంసేపు అది నటనే అనుకున్నాను. తర్వాత ఆవిడ చేతిలోని గుడ్డ చూశాను. వేళ్లు దాన్ని నలుపుతున్నాయి. ఇంట్లో "లైన్" అని అడగడం మర్చిపోయిన రోజుల్లో నలిపినట్టే నలుపుతున్నాయి. ఆ మాట నా నాలుక చివర ఉంది. అనకూడదని నాతో ఒట్టు వేయించుకున్నంత పని చేసింది. రెండు వరసల ముందు కూతురు కుర్చీలోంచి లేవబోతోంది.  సరిగ్గా అప్పుడు నా పక్కన మా మావయ్యగారు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకునేలోపే, మైకు లేకుండా తరగతి గది వెనక బెంచీ దాకా వినిపించిన ఆ గొంతుతో, "వన్స్ మోర్!" అన్నారు.

హాల్లో తలలన్నీ మావైపు తిరిగాయి. భూమి చీలితే దిగిపోదామనిపించింది. స్టేజీ మీద ఆంటీ కూడా తిరిగింది. మమ్మల్ని చూసింది. మొహంలోకి మెల్లగా ఆ నవ్వు, చచ్చిన రాజు లేచి కిరీటం సర్దుకున్న రోజు నవ్విన నవ్వు, వచ్చింది. టీ దుకాణం ఆవిడ గొంతుతోనే జనం వైపు చూసి, "చూశారా, మళ్లీ కావాలంటున్నారు. మంచి బేరాన్ని ఎప్పుడూ వెనక్కి పంపలేదు నేను" అంది. హాలంతా నవ్వింది. ఆవిడ అర దగ్గరికి వెళ్లి, పెట్టేసిన కప్పు మళ్లీ తీసి, మళ్లీ తుడుస్తూ, ఆఖరి భాగం మొదటినుంచి ఎత్తుకుంది. మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కప్పు అరలో పెట్టింది. తెర వెనక అమ్మాయి తెలివైనది, మళ్లీ గంట మోగించింది. ఆంటీ తిరిగింది. ఆగలేదు.

"రండి, కూర్చోండి. నీళ్లు ఇప్పుడే మరిగాయి."

ఇక్కడి జనం ఒళ్లోని కోట్లు, సంచులు సర్దుకుని నెమ్మదిగా లేచి నిలబడతారు. ఆ రోజు కోట్లు కింద పడేసి లేచారు. నాకు ఏడుపు ఆగలేదు. మావయ్యగారు మాత్రం చప్పట్లు కొడుతూనే నా వైపు వంగి, "అమ్మాయ్, రెండోసారి ఆఖర్న ఏదో కొత్తగా కలిపిందే! శనివారాల్లో అది లేదే!" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. ఈయన అన్ని శనివారాలూ విన్నది అక్కడిదాకానే. గంట మోగుతుంది, ఆవిడ తిరిగి ఆగుతుంది, నాటకం అయిపోతుంది, చప్పట్లు కొట్టాలి. ఆ రోజూ అయిపోయిందనే అనుకున్నారు. అంత బాగా అయిపోయాక వన్స్ మోర్ అనకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

లోపల గదిలో ఆంటీ కుర్చీలో కూలబడి ఉంది. "పోయింది డార్లింగ్, మొత్తం పోయింది. ఆయన అరవకపోతే నేనింకా అక్కడే నిలబడి ఉండేదాన్ని" అంది. మావయ్యగారు ఎందుకు అరిచారో నేను చెప్పాను. ఆవిడ తలూపుతూ విన్నది. తర్వాత, "అయితే మా వాళ్ల పట్టింపు పనిచేసిందన్నమాట" అని తృప్తిగా కళ్లు మూసుకుంది. కూతురు వచ్చి, తల్లిని కాదు, ముందు మావయ్యగారిని కావలించుకుంది. ఆయన బిగుసుకుపోయి, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, "నో మెన్షన్, నో మెన్షన్" అంటూ నిలబడ్డారు.

ఆ తర్వాత ఆంటీ ఇచ్చిన మాట ప్రకారం కూతురు చెప్పినట్టే విని, మిల్టన్ కీన్స్‌లో కూతురింటికి దగ్గర్లో ఒక కేర్ హోముకి వెళ్లింది. అప్పుడప్పుడూ నేను కారులో వెళ్లి చూసి వచ్చేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ డార్లింగ్ అనే పిలిచింది, కాబట్టి ఏ రోజున నా పేరు మర్చిపోయిందో నాకు తెలియనే లేదు. చివరిసారి వెళ్లినప్పుడు కూతుర్ని కూడా ఆనవాలు పట్టడం లేదని చెప్పారు. నేను తలుపు తోయగానే ఆవిడ కిటికీ నుంచి ఇటు తిరిగింది. ఆ గదిలో కెటిల్ లేదు, కప్పు కూడా లేదు. "రండి, కూర్చోండి. నీళ్లు ఇప్పుడే మరిగాయి" అంది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నేను కూర్చున్నాను. ఆవిడ పోయిందని తెలిశాక తెనాలి ఫోన్ చేసి మావయ్యగారికి చెప్పాను. ఆయన, "ఆ కొత్తగా కలిపిన ముక్క ఉందే, అది బాగుందమ్మా" అన్నారు.

సర్జరీలో టీవీ మీద సీరియల్ ముగిసి పేర్లు పరుగెత్తాయి. ఆవిడ పేరు చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంది. నేను చదివేలోపే నర్సు తలుపు తీసి నా పేరు పిలిచింది. లోపలికెళ్తే, "రండి, కూర్చోండి" అంది. బీపీ కొంచెం ఎక్కువే ఉందట, కాసేపాగి మళ్లీ చూస్తానంది. కాలం ఎవరికోసమూ వెనక్కి వెళ్లదంటారు గానీ, ఒక శనివారం మధ్యాహ్నం, ఒక కప్పు తుడిచినంత మేర, అది వెనక్కి వెళ్లడం నేను చూశాను.